మొదటి కెమెరా, ఎనభై వేల లోపు, బయట తీసే ఫొటోలకి: బాడీ మీద పెట్టాలా, లెన్స్ మీద పెట్టాలా?

బ్రాడీపేట_కుర్రాడు
గుంటూరులో ఉంటా. ఇన్నాళ్ళూ ఫోన్‌తోనే తీస్తున్నా. ఇప్పుడు కెమెరా కోసం డబ్బు పక్కన పెట్టా. ఎనభై వేలు దాటే పని లేదు, లెన్స్, బ్యాగు, కార్డు అన్నీ అందులోనే రావాలి. తీయాలనుకునేవి ఉప్పలపాడు చెరువులో పక్షులు, కొండవీడు కొండ మీంచి కనిపించే ఊళ్ళు, సాయంత్రం పూట ప్రకాశం బ్యారేజీ, వీలైతే సూర్యలంక. పెళ్ళిళ్ళు, రీల్స్ నాకొద్దు.

ఒక షాపులో డీఎస్ఎల్ఆర్‌కి (లోపల అద్దం ఉండే పాత రకం కెమెరా) రెండు లెన్సులు, ట్రైపాడ్, బ్యాగు కలిపి సెట్టుగా ఇస్తానంటున్నారు. పక్క షాపాయనేమో "ఇంకా డీఎస్ఎల్ఆర్ ఏంటండీ, మిర్రర్‌లెస్ తీసుకోండి" (అద్దం లేని కొత్త రకం) అంటాడు. యూట్యూబ్ పెడితే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ కెమెరా) లేనిదే ఫొటోగ్రఫీ కాదన్నట్టు మాట్లాడుతున్నారు. మూడు రోజులుగా బుర్ర వేడెక్కిపోయింది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

శీను_పెళ్ళిఫొటోలు
ఫుల్‌ఫ్రేమ్ మాట వదిలెయ్ తమ్ముడూ. పాత బాడీ ఏదో దొరికినా దానికి తగ్గ టెలి లెన్స్ (దూరంవి దగ్గరగా చూపేది) దగ్గర ఆగిపోతావు. నీ పనికి ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్ బాడీ) చాలు. పైసలు మిగుల్తాయి, మోత తగ్గుతుంది.

నత్తగుల్లకొంగ
పక్షులు అన్నావు కాబట్టి సగం జవాబు అక్కడే ఉంది. డబ్బులో పెద్ద వాటా లెన్స్‌కే పోవాలి. బాడీ నాలుగైదేళ్ళకి మార్చేస్తాం, మంచి లెన్స్ మాత్రం చాలా ఏళ్ళు మనతోనే ఉంటుంది.

ఉప్పలపాడులో చెరువు మధ్య చెట్ల మీద గూళ్ళు గట్టుకి బాగా దగ్గర. గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు ఆకారంలోనూ పెద్దవి. ఏపీఎస్-సీ బాడీకి 250 గానీ 300 మి.మీ. గానీ లెన్స్ తగిలిస్తే అక్కడ సరిపోతుంది. పిల్లలకి మేత పెట్టే ఫొటో కూడా నిండుగా వస్తుంది. అదే లెన్స్ పట్టుకుని కొల్లేరు వెళ్ళి ఆటపాకలో పడవ ఎక్కితే చెట్ల మీదవి వస్తాయి గానీ, దూరంగా నీళ్ళలో ఉన్న బాతులు చుక్కల్లాగే ఉంటాయి. కొల్లేరు కూడా లెక్కలో ఉంటే 400 దాటాలి. ఇప్పుడు లేకపోతే తర్వాత చూసుకో.

తెనాలి_అబ్బాయి
250 లెన్స్ పెడితే 400 అయిపోతుందని షాపుల్లో చెప్తారు. అది నిజమేనా, అమ్ముకోవడానికి చెప్పే మాటా?

నత్తగుల్లకొంగ
లెన్స్ ఏమీ మారదు. సెన్సర్ చిన్నది కాబట్టి లెన్స్ వేసే బొమ్మలో మధ్య భాగమే దాని మీద పడుతుంది, అంచులు పోతాయి. అందుకే ఇంకా దగ్గర్నుంచి తీసినట్టు కనిపిస్తుంది. కెనాన్ ఏపీఎస్-సీ అయితే 1.6తో, నికాన్, సోనీ, ఫ్యూజీ అయితే 1.5తో గుణించుకో. 250 కాస్తా కెనాన్‌లో 400 చూపినంత, నికాన్‌లో 375 చూపినంత చూపిస్తుంది. పక్షులకి లాభం, కొండలకి నష్టం. 18 మి.మీ. వెడల్పు లెన్స్ కూడా 27, 29 అయి కూర్చుంటుంది కదా.

పాత_రీలు
నేను వేరేగా చెప్తాను. మొదటి లెన్స్ ప్రైమే (జూమ్ లేనిదే) అయి ఉండాలి. ఏపీఎస్-సీకి 35 మి.మీ. ఎఫ్1.8 (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లోపలికి వెలుతురు ఎక్కువ) ఒకటి కొని ఏడాదిపాటు దాన్నే వాడండి. జూమ్ చేతిలో ఉంటే నిలబడ్డ చోటునుంచే తిప్పేస్తాం, కాళ్ళు కదలవు. ప్రైమ్ ఉంటే ముందుకి నడుస్తాం, కూర్చుంటాం, వెలుతురు ఏ పక్క నుంచి వస్తోందో చూస్తాం, ఫ్రేములో ఏది వదిలెయ్యాలో తెలుస్తుంది. రీలుకి 36 ఫొటోలే ఉన్న రోజుల్లో మేం నేర్చుకున్నది ఇలాగే.

లకుముకి
పాత రీలు గారూ, మీ మాట బాగుంది గానీ ఉప్పలపాడులో గూడకొంగ దగ్గరికి నడవాలంటే చెరువులో దిగాలండీ :)

పాత_రీలు
పక్షుల సంగతి నేననలేదమ్మా. అబ్బాయి కొండవీడు, బ్యారేజీ కూడా అన్నాడుగా. వాటికి చెప్పాను.

లకుముకి
ఆ రెండిటికీ అతని దగ్గర ఫోన్ ఉందిగా. నా లెక్క అదే. ఎండ వెలుతురులో కొండ మీంచి వెడల్పుగా తీసే ఫొటోకి ఇప్పటి ఫోన్లు బాగానే సరిపోతున్నాయి. ఫోన్ చేతకానిది దూరం. జూమ్ పెంచేకొద్దీ పక్షి ఈకలు మైనం పూసినట్టు అయిపోతాయి. కాబట్టి ఉన్న డబ్బంతా ఫోన్ చెయ్యలేని పని మీద పెట్టాలి: మామూలు బాడీ, మంచి టెలి. విజయవాడలో మా ఇంటి డాబా మీద రామచిలకలతో నేను మొదలుపెట్టింది అలాగే, ఈరోజుకీ వెడల్పు లెన్స్ కొనలేదు.

పద్మజ_మంగళగిరి
లకుముకి అక్కా, ఇక్కడ మాత్రం ఒప్పుకోను. పొద్దు గుంకాక బ్యారేజీని ఫోన్‌తో తీసి చూడండి, దీపాల చుట్టూ తెల్లగా కాలిపోతుంది, నీళ్ళ నీడల్లో మచ్చలు. అదే కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకి స్పందించే అంకె) 100, ఎఫ్8, షట్టర్ నాలుగైదు సెకన్లు ఇచ్చి రాలో (కెమెరా మార్పులు చెయ్యని ఫైలు) తీస్తే గేట్ల మీది దీపాలు, వాటి ప్రతిబింబాలు, వెనక ఆకాశం మూడూ నిలబడతాయి. తర్వాత ఇంట్లో కూర్చుని నీడలు కొంచెం లేపుకోవచ్చు. కిట్ లెన్స్ చవకే కదా, బాడీతో వచ్చేది ఎందుకు వదులుకోవడం?

బ్యారేజీకి వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. సాయంత్రం సూర్యుడు ఎగువ వైపు, భవానీ ద్వీపం ఉన్న పక్కకి దిగుతాడు. నిండా నీళ్ళుండేదీ ఆ పక్కే. గేట్లు ఎత్తినప్పుడు నురగ కావాలంటే దిగువ వైపు నిలబడాలి. 1957లో కట్టడం పూర్తయిన ఈ బ్యారేజీకి గేట్లు డెబ్భై. ఆ వరస మొత్తాన్నీ ఎదురుగా ఇరికించాలని చూడకండి, ఒక చివర నుంచి ఏటవాలుగా తీస్తే వరస ఎంత పొడవో ఫొటోలోనే తెలుస్తుంది.

లకుముకి
ట్రైపాడ్ మీద రాత్రి ఫొటోలంటే సరే, ఆ మాట ఒప్పుకుంటా. కిట్ లెన్స్ ఉంచుకోనీ.

బ్రాడీపేట_కుర్రాడు
ఇంతమంది రాస్తారనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. షాపు సెట్టు గురించి ఎవరైనా చెప్పండి. అందులో కెనాన్ 1500డి, 18-55, 75-300 ఉన్నాయి. 300 అంటే 250 కన్నా ఎక్కువే కదా, మంచి బేరం అనిపిస్తోంది.

కొండవీటి_చాంతాడు
ఆగు ఆగు. అంకె చూసి మోసపోవద్దు.

75-300 పాత లెన్స్. దాంట్లో చేతి వణుకు ఆపే ఏర్పాటు లేదు. కెనాన్‌దే 55-250లో ఉంది, పేరులోనే ఐఎస్ అని ఉంటుంది. కెనాన్ దానికి ఐఎస్ అంటే నికాన్ వీఆర్ అంటుంది, సోనీ ఓఎస్ఎస్ అంటుంది. టెలి కొనేటప్పుడు ఆ అక్షరాలు లెన్స్ మీద ఉన్నాయో లేదో నీ కళ్ళతో చూడు. నికాన్‌లో ఇంకా తికమక, ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 అదే ఆకారంలో వీఆర్ ఉన్నదీ వస్తుంది, లేనిదీ వస్తుంది. చేత్తో పట్టుకుని 300 దగ్గర తీయాలంటే మామూలు లెక్క ప్రకారం ఏపీఎస్-సీలో షట్టర్ 1/500 దగ్గరైనా ఉండాలి. ఐఎస్ ఉంటే కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పక్షిని అంతకన్నా నెమ్మది షట్టర్‌తోనూ తీయొచ్చు. పైగా 75-300 చివరకంటా లాగితే బొమ్మ మెత్తగా వస్తుంది. 55-250 ఎస్టీఎం దానికన్నా పదును, ఫోకస్ చప్పుడు లేకుండా చకచకా పడుతుంది. ఆ యాభై మి.మీ. కోసం ఇవన్నీ వదులుకోకు.

ఇక డీఎస్ఎల్ఆరా, మిర్రర్‌లెస్సా. డీఎస్ఎల్ఆర్ పని అయిపోయిందని కొందరు అనేస్తున్నారు, నేనలా అనను. ఉన్నవి నిక్షేపంగా పనిచేస్తాయి. కాకపోతే కెనాన్, నికాన్ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ తేలేదు, కొత్త లెన్సులన్నీ మిర్రర్‌లెస్‌కే వస్తున్నాయి. అందుకే కొత్త డీఎస్ఎల్ఆర్‌కి కొత్త ధర పెట్టడం నాకు నచ్చదు. డీఎస్ఎల్ఆర్ అయితే సెకండ్‌హ్యాండే కొను. నికాన్ డి5600, డి7500, కెనాన్ 200డి మార్క్ 2, వీటిలో ఏదైనా మంచిదే. బ్యాటరీ విషయంలో డీఎస్ఎల్ఆర్‌దే పైచేయి, నికాన్ డి3500కి ఒక్క చార్జింగ్‌తో 1550 ఫొటోలని కంపెనీ లెక్క. ఈ ధరలో మిర్రర్‌లెస్‌కి ఆ లెక్క మూడు, నాలుగు వందలు దాటడం కష్టం, రెండో బ్యాటరీ ఖర్చు ముందే వేసుకో.

మిర్రర్‌లెస్ గెలిచేది ఫోకస్‌లో. కెనాన్ ఆర్50 (2023లో వచ్చింది) పక్షి కన్ను వెతికి పట్టుకుంటుంది. నికాన్ జెడ్50 మొదటి మోడల్‌కి జంతువుల గుర్తింపు తర్వాత సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది, అదీ కుక్కలు, పిల్లుల కోసం చేసింది. జెడ్50 రెండో మోడల్‌లో పక్షులకి ప్రత్యేకంగా పెట్టారు. సోనీ ఏ6400 2019 నాటిది, ఫోకస్ వేగం బాగుంటుంది, కానీ దాని జంతువుల కన్ను గుర్తింపు పక్షుల కోసం చేసింది కాదు. ఈ నాలుగింటిలో ఒక్కదానికీ బాడీలో వణుకు ఆపే ఏర్పాటు లేదు. ఆ పని లెన్సే చెయ్యాలి, అందుకే పైన అక్షరాల సంగతి అంత గట్టిగా చెప్పాను.

డి5600 లాంటివి కొనేవాళ్ళకి ఇంకొకటి. వాటి బాడీలో ఫోకస్ మోటారు ఉండదు. చవగ్గా వస్తోందని 50 మి.మీ. ఎఫ్1.8డి కొంటే చేత్తో తిప్పుకోవాల్సిందే. మోటారు లెన్స్‌లోనే ఉండే, ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న 1.8జి తీసుకోవాలి.

తెనాలి_అబ్బాయి
పేరు నిలబెట్టుకున్నావు అన్నా. టీ తాగుతూ చదివా, గ్లాసు ఖాళీ అయింది, పోస్టు అవలేదు.

నత్తగుల్లకొంగ
చాంతాడు గారు 75-300 గురించి చెప్పింది అక్షరాలా నిజం. కానీ పక్షి కన్ను గుర్తింపు లేకపోతే పని జరగదన్నట్టు తీసుకోవద్దు. గూట్లో కూర్చున్న కొంగకి మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటి పెట్టుకుని తీస్తే డీఎస్ఎల్ఆర్ చక్కగా పడుతుంది. నా ఉప్పలపాడు ఫొటోలన్నీ డి7500తో తీసినవే. ఎగిరేవాటికి తేడా తెలుస్తుంది, అది ఒప్పుకుంటా.

శీను_పెళ్ళిఫొటోలు
నేనైతే కుర్రాడికి మిర్రర్‌లెసే చెప్తా. వ్యూఫైండర్‌లో కనిపించిందే ఫొటోలో వస్తుంది, వెలుతురు ఎక్కువైందా తక్కువైందా నొక్కకముందే తెలుస్తుంది. కొత్తగా నేర్చుకునేవాడికి అంతకన్నా గురువు లేడు.

బ్రాడీపేట_కుర్రాడు
ఆర్50కి షాపులో 18-45, 55-210 రెండు లెన్సుల సెట్టు కూడా ఉందన్నారు. దాంట్లో 55-210 పక్షులకి చాలుతుందా?

కొండవీటి_చాంతాడు
తేలిక, చిన్నది, ఐఎస్ ఉంది. కానీ 210 దగ్గర ఎఫ్7.1. తెల్లారగట్ల ఉప్పలపాడు గట్టు మీద వెలుతురు తక్కువ ఉన్నప్పుడు ఇబ్బంది పెడుతుంది. నేనైతే ఆర్50ని 18-45 ఒక్కదానితో తీసుకుని, పాత 55-250 ఎస్టీఎం సెకండ్‌హ్యాండ్‌లో వెతుకుతా. కెనాన్ సొంత అడాప్టర్‌తో (డీఎస్ఎల్ఆర్ లెన్స్‌ని మిర్రర్‌లెస్ బాడీకి కలిపే ముక్క) అది ఆర్50 మీద ఆటోఫోకస్‌తో సహా మామూలుగా పనిచేస్తుంది. 250 దగ్గర ఎఫ్5.6. ఎఫ్7.1 కన్నా ఒకటిన్నర రెట్లకి పైనే వెలుతురు లోపలికి వస్తుంది. రేపు డబ్బు కుదిరితే ఆర్ఎఫ్ 100-400 కొనుక్కోవచ్చు, ముప్పావు కేజీ కూడా ఉండదు, మెడకి వేసుకుని కొల్లేరంతా తిరగొచ్చు.

నత్తగుల్లకొంగ
అదీ ఎఫ్8 కదండీ 400 దగ్గర. కొల్లేరులో సూర్యుడు పైకొచ్చాక పర్లేదు, మంచు పట్టిన తెల్లవారుజామున ఐఎస్ఓ ఎక్కడికో వెళ్తుంది.

కొండవీటి_చాంతాడు
వెళ్ళనీండి. ఐఎస్ఓ 3200లో గరుకుగా ఉన్నా పదునైన ఫొటో కావాలి నాకు. ఐఎస్ఓ 400లో వణికిన ఫొటో ఎందుకు?

పాత_రీలు
ఈ మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు సరైనది. గరుకుని సాఫ్ట్‌వేర్ తగ్గిస్తుంది. వణికినదాన్ని ఎవరూ బాగు చెయ్యలేరు.

బెజవాడ_ఎండ
ఎవరూ చెప్పనిది ఒకటి చెప్తా. మన దగ్గర ఎండాకాలం పదింటి తర్వాత టెలి లెన్స్ తీసి లాభం లేదు. నేల మీంచి వేడి గాలి లేస్తుంటే దూరంగా ఉన్నదంతా నీళ్ళలో చూసినట్టు అలల్లా కదుల్తుంది. లక్షల లెన్స్ పెట్టినా బొమ్మ మెత్తబడిపోతుంది. చాలామంది లెన్స్ పాడైందనుకుని సర్వీసుకి తీసుకెళ్తారు. పొద్దున్నే తియ్యండి, వీలైనంత దగ్గరగా తియ్యండి. కొండవీడు మీంచి దూరపు ఊళ్ళు తెల్లటి మసకలో కలిసిపోతుంటే, వాన కురిసి వెలిసిన మర్నాడు వెళ్ళండి. దుమ్మంతా కడుక్కుపోయి ఎక్కడెక్కడి కొండలో కనిపిస్తాయి.

లకుముకి
మూలపాడు సీతాకోకచిలుకల పార్కుకీ అదే టైమింగ్. పొద్దున రెక్కలు విప్పి ఎండ కాచుకుంటాయి, ఎండ ముదిరితే ఒక్కటీ నిలవదు. 55-250తో కొంచెం వెనక్కి నిలబడి తీసినా బాగా వస్తాయి, మాక్రో లెన్స్ కోసం ఇప్పుడే పరిగెత్తక్కర్లేదు.

బ్రాడీపేట_కుర్రాడు
ఉప్పలపాడుకి సెట్టింగులు ఎవరైనా చెప్తారా? ఫ్రెండ్ కెమెరాతో వెళ్తే కొంగలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చాయి.

నత్తగుల్లకొంగ
తెల్ల పక్షి వెనక ముదురు ఆకులుంటే కెమెరా ఆకుల్ని చూసి మొత్తం వెలుతురు పెంచేస్తుంది, ఈకలు కాలిపోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుతురు పెంచే, తగ్గించే అంకె) మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా పెట్టు. కూర్చున్నవాటికి షట్టర్ 1/500, ఎగిరేవాటికి 1/1600 పైన, అపర్చర్ (లెన్స్ కన్నం) ఎంత తెరుచుకుంటే అంత, ఐఎస్ఓ ఆటోలో పెట్టి 6400 దగ్గర కట్టెయ్. రాలో తియ్. గూళ్ళ కాలంలో గట్టు మీద మెల్లగా నడు, ఫ్లాష్ వద్దు, ఫోన్‌లో పక్షి కూతలు పెట్టి పిలవొద్దు. పెద్దవి ఉలిక్కిపడి లేస్తే పిల్లలు ఎండకి ఒంటరిగా మిగుల్తాయి, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. ఆ ఊరివాళ్ళు కాపాడుకుంటున్న పక్షులు అవి. ఒక్క ఫొటో కోసం వాటిని లేపేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండిపోతుంది.

పద్మజ_మంగళగిరి
ఇది పైన పిన్ చెయ్యాల్సిన మాట.

ట్రైపాడ్ బరువని ఇంట్లో వదిలేసి వెళ్ళేవాళ్ళకి: చిన్న గుడ్డసంచిలో బియ్యం పోసి మూతి కుట్టేసుకోండి. పిట్టగోడ మీద, కారు అద్దం మీద పెట్టి లెన్స్ ఆనిస్తే కదలదు. ఉండవల్లి గుహల్లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి. లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామి దగ్గర వెలుతురు బాగా తక్కువ, అక్కడే పాత రీలు గారి ఎఫ్1.8 ప్రైమ్ అక్కరకొస్తుంది.

పాత_రీలు
చివరికి నా ప్రైమ్‌కి ఒక గుడి దొరికింది, సంతోషం.

సూర్యలంక_అల
సముద్రానికి తెస్తే ఇసుకలో నిలబడి లెన్స్ మార్చొద్దు. ఏది కావాలో ఇంటి దగ్గరే తగిలించుకుని రండి. ఆర్50 లాంటి బాడీలు నీటికి, దుమ్ముకి మూసి కట్టినవి కావు. ఉప్పుగాలి తగిలాక ఇంటికెళ్ళి కొద్దిగా తడి చేసిన మెత్తని గుడ్డతో బాడీ, లెన్స్ పైభాగం తుడిచి, పొడి గుడ్డతో ఇంకోసారి తుడవండి. ఏసీ గదిలోంచి తీసి నేరుగా ఉక్కలోకి వస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది, బ్యాగులోనే కాసేపు ఉంచి తియ్యండి. పోలరైజర్ ఫిల్టర్ ఒకటి కొనుక్కోండి, నీళ్ళ మీది మెరుపు తగ్గుతుంది, ఆకాశం ముదురుతుంది.

శీను_పెళ్ళిఫొటోలు
సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు చూడాల్సినవి. సెల్‌ఫోన్ టార్చి వెనక నుంచి వేసి ముందు నుంచి చూడు. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. జూమ్ రింగు పొడుగునా తిప్పు, ఎక్కడా పట్టెయ్యకూడదు. దగ్గరిదీ దూరందీ మార్చి మార్చి ఫోకస్ చెయ్యి. నీ కార్డు తీసుకెళ్ళి 250 దగ్గర నాలుగు ఫొటోలు తీసి ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూసుకున్నాకే డబ్బు ఇవ్వు. బాడీ కూడా పాతదే అయితే ఎఫ్16లో ఆకాశాన్ని తియ్యి, సెన్సర్ మీద మచ్చలుంటే నల్లగా కనపడతాయి. ఒరిజినల్ బిల్లు అడుగు, దాని మీది సీరియల్ నంబరు బాడీ మీదిదీ ఒకటేనా చూడు. బిల్లు లేని సరుకు ఎంత చవకైనా ముట్టుకోవద్దు, దొంగ సొత్తు కూడా కావచ్చు.

లకుముకి
కొన్నాక ఫంగస్ రాకుండా: గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు. నలభై, యాభై శాతం మధ్య ఉంచండి. కృష్ణా ఒడ్డు ఊళ్ళలో వానాకాలం కెమెరాని బ్యాగులో పెట్టి బీరువాలో మర్చిపోతే ఫంగస్‌ని పిలిచినట్టే. జెల్ రంగు మారితే మూకుట్లో సన్నసెగ మీద వేడి చేస్తే మళ్ళీ పనిచేస్తుంది. వంటకి వాడే మూకుడు కాకుండా వేరేది తీసుకోండి.

బ్రాడీపేట_కుర్రాడు
సరే, తేల్చుకున్నా. 75-300 సెట్టు వద్దని చెప్పేశా. ఆర్50, 18-45తో కొత్తది బిల్లుతో. అడాప్టర్, పాత 55-250 ఎస్టీఎం. గుంటూరులోనే ఒకాయన దగ్గర ఉందని తెలిసింది, ఆదివారం టార్చి తీసుకుని వెళ్తున్నా. మిగిలినదాంట్లో రెండో బ్యాటరీ, 64 జీబీ కార్డు, డబ్బా. పోలరైజర్, 35 ప్రైమ్ తర్వాత. పోలరైజర్ ఏ సైజు కొనాలి, రెండు లెన్సులకీ ఒకటే పడుతుందా?

కొండవీటి_చాంతాడు
పడదు. 55-250 ఎస్టీఎం ముందు 58 మి.మీ., 18-45 ముందు 49. 58 సైజుది కొని 49 నుంచి 58కి స్టెప్-అప్ రింగు ఒకటి తీసుకో, రెండిటికీ సరిపోతుంది. అడాప్టర్ కొనేటప్పుడు ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అని ఉన్నదే అడుగు. అందులోనే రింగు ఉన్న రకం, ఫిల్టర్ పెట్టుకునే రకం వేరే ఉన్నాయి, వాటికి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

నత్తగుల్లకొంగ
ఆదివారం లెన్స్ చూశాక ఎలా ఉందో రాయి. బాగుంటే ఆ పై వారం నేనూ ఉప్పలపాడు వస్తున్నా, సూర్యుడు రాకముందే గట్టు మీద ఉంటా. 250 దగ్గర తీసిన ఫొటోలు మాత్రం తగ్గించకుండా పూర్తి సైజులో పెట్టు, అంచుల పదును చూసి చెప్తా.